అనుసూయాబాయి కుదిర్చిన కంప్యూటర్ సంబంధం

“పెద్దమ్మా, నేను స్టేజీ మీదికి పోంగనే మయూరి ఊపిరి తీసుకునుడు మరిచిపోతే ఎట్ల?”

“ఊపిరి మరిచిపోతందుకు గదేమన్న నీ లెక్క చదువుకున్నదా?” అంటూ అనుసూయాబాయి ఆటోలోనే నా ఒడిలోంచి పిల్లను లాక్కుంది. “దానికింక బుద్ధి రాలే. దాని పని అది చేసుకుంటది. నువ్వు నీ ఊపిరి చూసుకో. ఇత్వారా బజారు దాటినకాంచి తీసుకుంటనే లేవు.”

అది 2003 వేసవి. నా కూతురు మయూరికి ఏడో నెల. నేను ఫిజిక్సులో బీఎస్సీ చేశాను. చదువు మనిషికి ధైర్యమిస్తుందని దెగ్లూర్‌లో మా నాన్న అందరికీ చెబుతుంటాడు. నాకు మాత్రం అది భయపడడానికి కారణాలను ఇచ్చింది. మా వాడలో మిగతా తల్లులు పిల్లకు దిష్టి తగులుతుందని మాత్రమే భయపడేవాళ్ళు. నేను సూక్ష్మజీవులకు, ఫ్యాను రెక్కలకు, గోడలోని ప్లగ్గుకు, గాలిలోని తేమకు విడివిడిగా భయపడేదాన్ని. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కింద చేతి అద్దం పెట్టి ఆవిరి పడుతోందా లేదా అని చూసేదాన్ని. ఒకనాడు మధ్యాహ్నం అద్దం మీద మసక కనబడక గావుకేక పెట్టాను. భోజనానికి వచ్చిన మా ఆయన మార్కండేయ కంచం ముందునుంచి లేచి వచ్చి, అద్దాన్ని నేను తిరగేసి పట్టుకున్నానని చూపించి, మళ్ళీ వెళ్ళి అన్నం తిన్నాడు.

ఇక అనుసూయాబాయి సంగతి. మా వాడ గాడీపురాలో ఆమెది సంబంధాలు కుదిర్చే పని. నాందేడ్‌లో ఉన్న మా తెలుగువాళ్ళలో సగం పెళ్ళిళ్ళు తనవల్లే అయ్యాయంటుంది. అందులో చెడిపోయినవాటిని ఆమె తన ఖాతాలో వేసుకోదు. “నేను కుదిరిచ్చిన. చెడగొట్టుకున్నది వాళ్ళు” అంటుంది. నన్నూ మార్కండేయనూ కలిపిందీ ఆమే. మనిషి భారీగా ఉంటుంది. కాల్చిన పొగాకు పొడి, మా దగ్గర మిశ్రీ అంటారు, అది చూపుడువేలితో పళ్ళకు రుద్దుకుంటూ ఎంత పెద్దమనిషితోనైనా మాట్లాడుతుంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దాని నిండా పెళ్ళికెదిగిన వాళ్ళ ఫోటోలు. దెగ్లూర్ బస్సు కండక్టర్ ఒకాయనకు మంచి పిల్లను చూస్తానని ఏనాడో మాటిచ్చింది. ఆ మాట మీద ఎన్నో ఏళ్ళుగా ముందు సీటు ఆమెదే. ఆయనకు పిల్ల ఎందుకు దొరకడం లేదని అడిగితే, “దొరికితే నాకు సీటెవడిస్తడు?” అంది.

ఆ రోజు మేము వెళుతున్నది మా సమాజపు సేవా ట్రస్టు పెట్టిన కంప్యూటర్ మేళావాకు, అంటే మేళాకు. ట్రస్టు కార్యదర్శి శంకర్రావుకు ఆ ఏడు హఠాత్తుగా, మన పిల్లలు వెనకబడిపోతున్నారని తట్టింది. కంప్యూటర్ క్లాసులు నడిపేవాళ్ళను, కంప్యూటర్లు అమ్మేవాళ్ళను, హైదరాబాదు, పుణేల నుంచి ఇద్దరు ముగ్గురు కంపెనీవాళ్ళను పిలిచి, మన చదువుకున్న పిల్లలతో పరిచయం చేయిద్దామనుకున్నాడు. మా ఊళ్ళోనే వజీరాబాద్‌లో క్లాసు నడిపే ఆనందం అనే ఆయనకు టీచర్ కావాలని తెలిసింది. పెళ్ళికి ముందు నేను దెగ్లూర్‌లో కొన్నాళ్ళు కంప్యూటర్ నేర్పాను. జీవితంలో నేను దేనికీ భయపడకుండా గడిపిన గంటలంటే అవే. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఇంకో ఏడాది ఇలా అద్దం పట్టుకుని ఇంట్లో కూర్చుంటే పిల్లకు ఏమీ కాదు గానీ నాకేదో అయ్యేటట్టుంది.

చిక్కు ఒకటే. అంతకుముందు పనిచేసిన టీచరమ్మ కాన్పుకని వెళ్ళి తిరిగి రాలేదట. చంటిపిల్లల తల్లులు వద్దని ఆనందం సర్ శంకర్రావుకు ముందే చెప్పాడు. అందుకని నాకు పిల్ల లేదు. పక్కనే అనుసూయాబాయి ఒళ్ళోంచి నా చెవి కమ్మ లాగుతున్నది ఎవరి పిల్లో.

“లేదంటే లేదు,” అంది అనుసూయాబాయి. “నా అంతట నేను చెప్ప. నా సంబంధమైతే గిట్ల దాయనీయకపోదును. గని ఇది నీ సంబంధం.”

మంగళ కార్యాలయం, అంటే కల్యాణమండపం, గేటు దగ్గరే నాకు విషయం అర్థమైంది. మా ట్రస్టుకు చేతనైన మేళావా ఒకటే, ఏటా జరిపే వధూవరుల పరిచయ మేళావా. కంప్యూటర్లయినా వాళ్ళకు ఇంకో పద్ధతి తెలియదు. అదే హాలు, అదే టెంటుహౌసు కుర్చీలు, అదే సన్నాయి క్యాసెట్టు. వెనకటి బ్యానరు మీద ‘వధూవర’ అన్నచోట తెల్లకాగితం అంటించి ‘కంప్యూటర్’ అని రాశారు. ఫ్యాను గాలికి ఆ కాగితం లేచినప్పుడల్లా కింది మాట తొంగిచూస్తోంది. ఆడవాళ్ళు కుడివైపు, మగవాళ్ళు ఎడమవైపు. ఉద్యోగం కోరేవాళ్ళకు ఆడపెళ్ళివారి పసుపు రిబ్బను, ఇచ్చేవాళ్ళకు మగపెళ్ళివారి ఎర్ర గులాబీ. పుణే కంపెనీ ఆయన గులాబీ పెట్టుకుని, తనకెందుకింత మర్యాద జరుగుతోందో తెలియక ఇబ్బందిగా నవ్వుతున్నాడు. అప్పటికే ముగ్గురు తండ్రులు ఆయన కులం కనుక్కున్నారు.

గోడ వెంబడి బల్లలు వేసి కంప్యూటర్లు పెట్టారు. ఒక్కొక్కదానికి ఒక చేమంతి దండ. మేము లోపలికి అడుగుపెట్టేసరికి లోడ్‌షెడ్డింగ్ మొదలై కరెంటు పోయింది. టెంటుహౌసువాడి జనరేటరు మైకుకు, ఫ్యాన్లకు మాత్రమే. పెళ్ళిళ్ళకు అంతే ఇస్తాడు. కాబట్టి ఆ కంప్యూటర్ మేళావాలో ఒక్క కంప్యూటరూ నడవలేదు. దాన్ని లోపంగా ఎవరూ భావించలేదు కూడా.

“అన్నీ మొఖం మీద ముసుగేసుకున్నట్టే ఉన్నయి,” అంది అనుసూయాబాయి, నల్లటి తెరలను చూస్తూ. “ఒక్కటి నవ్వదు.”

ముఖ్య అతిథి దీపం వెలిగించి, ఇరవై ఒకటో శతాబ్దం మన వాకిట్లో నిలబడి ఉందని చాలాసేపు చెప్పాడు. “లోపలికి పిలువయ్యా, ఎండల ఎంతసేపు నిలబెడ్తవు?” అంది అనుసూయాబాయి, రెండు వరుసలకు వినబడేలా. తర్వాత పరిచయాలు. శంకర్రావు మైకు పట్టుకోగానే నోరు అలవాటైన దారిలో వెళ్ళిపోయింది.

“పేరు, చదువు, ఎత్తు,” అన్నాడు మొదటి కుర్రాడితో.

సీ లాంగ్వేజీ నేర్చుకున్న ఆ అబ్బాయి, అడిగారు కదా అని, తన ఎత్తు చెప్పాడు. కింద మగవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దాయన లేచి, “సొంత ఇల్లా, కిరాయా?” అని అడిగాడు. కిరాయి అన్నాడు అబ్బాయి. పెద్దాయన కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీవాడు ఆ అబ్బాయిని ఇంకేమీ అడగనే లేదు.

నా వంతు రాగానే అనుసూయాబాయి మయూరిని భుజాన వేసుకుని భోజనాల హాలు వైపు నడిచింది. నేను స్టేజీ ఎక్కాను. శంకర్రావు నా మెడలో నల్లపూసలు చూసి మైకు పక్కకు తిప్పడం మరిచిపోయి, “ఏందమ్మా, నీకు పెండ్లయింది గదా! మల్ల ఎందుకచ్చినవు?” అన్నాడు. హాలంతా నవ్వింది.

“ఉద్యోగానికి వచ్చిన, కాకా.”

“ఆఁ, గదే, గదే. ఉద్యోగం. పేరు, చదువు, ఎత్తు?”

“ప్రతీక్ష. ఫిజిక్స్ బీఎస్సీ. కంప్యూటర్ల డిప్లొమా. ఎత్తు తక్కువనే, గని కూర్చొనే చెప్తా.”

ఈసారి అందరూ నా మాటకు నవ్వారు. ఎడమవైపు మూడో వరుసలోంచి ఒక గులాబీ లేచింది. ఆనందం సర్. సన్నగా, చెమటతో, పెళ్ళికొడుకు బావమరిదిలా హడావిడిగా ఉన్నాడు. నన్ను తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆయన కంప్యూటర్‌కు చేమంతి దండతోపాటు ఎర్రటి జరీ గుడ్డ కూడా కప్పి ఉంది. ముందు కీబోర్డు ఒక్కటే బయటికి కనిపిస్తోంది. విండోస్ వచ్చా, టైపింగ్ ఎంత వేగం, మరాఠీలో చెప్పగలవా అని అడిగాడు. అన్నీ వచ్చన్నాను. ఆయన ముఖం వికసించింది.

“ఇంట్ల బాధ్యతలేమన్న ఉన్నయా మేడం?”

“ఏం లేవు సర్.”

సరిగ్గా అప్పుడే భోజనాల హాలులోంచి, లేని బాధ్యత ఏడ్చింది.

ఆ ఏడుపు వెయ్యి ఏడుపుల్లోనైనా నాకు తెలుస్తుంది. నాకు తెలిస్తే ఫరవాలేదు, నా ఒంటికీ తెలిసింది. పిల్ల ఏడుపు చెవిన పడితే మెదడు కింద ఉన్న ఒక గ్రంథి రక్తంలోకి ఒక రసం వదులుతుందని, దాంతో పాలు వాటంతటవే కారతాయని నేను చదువుకున్నాను. చదువుకున్నంత మాత్రాన ఆగవు. జాకెట్టు ముందుభాగం తడిసిపోతోంది. చేతులు కట్టుకున్నాను. చాలలేదు. ఎదురుగా ఉన్న కీబోర్డు తీసి గుండెలకు హత్తుకున్నాను.

ఆనందం సర్ కాసేపు చూశాడు. “కీబోర్డు కింద పెట్టుండ్రి మేడం,” అన్నాడు మెల్లగా. “గట్ల పట్టుకోరు.”

“నేను గిట్లనే నేర్పిస్త సర్,” అన్నాను. ఇంకేమీ తోచలేదు.

ఇంతలో అనుసూయాబాయి కుర్చీల మధ్యలోంచి ఓడలా వచ్చేసింది. “ఇగో, నీ బిడ్డను పట్టుకో. పప్పు పెట్టిన, ఉమ్మింది. నా దగ్గర ఇంకేమున్నది ఇచ్చెతందుకు?” అని మయూరిని నా ఒళ్ళో పడేసింది. ఆనందం సర్ కీబోర్డును, పిల్లను, నన్ను వరసగా చూశాడు. నేను తలెత్తలేదు.

“చిన్నపిల్ల ఉన్నదని చెప్పలే గదా మీరు,” అన్నాడు. కోపంకన్నా నిరాశే ఎక్కువ వినిపించింది. “బాధ్యతలు లేవన్నరు.”

అయిపోయిందనుకున్నాను. లేచి వెళ్ళిపోదామంటే పిల్ల ఊరుకోదు, జాకెట్టు ఊరుకోదు. అనుసూయాబాయి చుట్టూ ఒకసారి చూసింది. చేయి చాపి ఆనందం సర్ కంప్యూటర్ మీది జరీ గుడ్డను దండతో సహా లాగి నా భుజాల మీంచి పిల్ల మీదికి కప్పేసింది.

“బాయీ! గది కంప్యూటర్‌ది!” అన్నాడాయన.

“కంప్యూటర్‌కు సిగ్గు లేదు. పోరికి ఉన్నది. పట్టు బిడ్డా, పాలియ్యి.”

అలా మిగతా ఇంటర్వ్యూ అంతా నేను జరీ గుడ్డ కింద ఉండగా జరిగింది. నాకు మయూరి గుటకలు, అనుసూయాబాయి గొంతు మాత్రమే వినబడుతున్నాయి. కుర్చీ ఈడ్చుకుని కూర్చున్న చప్పుడు, తర్వాత మిశ్రీ డబ్బా మూత తీసిన చప్పుడు.

“సార్, పోరి చెప్పలేదు, తప్పే. భయమైంది. ఇప్పుడు చూసినవు గదా, మా లోపం గిది. ఏడో నెల. పండ్లు వస్తున్నయి, కరుస్తది. తల్లి దీనికన్న ఎక్కువ, ఉట్టిగనే పరేషానైతది. ఇగ దాసింది ఏం లేదు. నీ లోపమేందో చెప్పు.”

“నా లోపమా?”

“ఆఁ. పిల్లనిచ్చేటోళ్ళం మేము, అడగొద్దా? రేపు నీ ఇంటికాడ పొద్దంత ఉండేది మా పోరి.”

“ఇది ఇల్లు కాదు బాయీ, క్లాసు. నేనే జీతమిస్త. లోపాలేం లేవు.”

“అందరు గట్లనే అంటరు,” అంది అనుసూయాబాయి. ఆమె లేచినట్టు, బల్ల వెనక్కి వెళ్ళినట్టు అనిపించింది. “సార్, ఈ తీగె ఎటు పోతది?”

ఆనందం సర్ కుర్చీ కిర్రుమంది.

“అన్ని బల్లలకాడ తీగె కిందికి పోయి ఒక డబ్బల కలుస్తున్నది. నీ దగ్గర గాలిల ఏలాడుతున్నది. నీ డబ్బా ఏది?”

నేను గుడ్డ పక్కకు తప్పించి చూశాను. ఆమె మానిటర్ వైరు కొసను ఎలుక తోకలా రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది. బల్ల కింద సీపీయూ డబ్బా లేదు. పక్క బల్లలవాళ్ళు మెడలు చాచారు. శంకర్రావు మైకులో, “అక్కడ గుంపు చెయ్యకుండ్రి,” అన్నాడు. దాంతో మిగిలినవాళ్ళూ వచ్చారు.

ఆనందం సర్ గులాబీ తీసి బల్ల మీద పెట్టాడు. “క్లాసుల నడిచేటివి రెండే ఉన్నయి,” అన్నాడు చివరికి. “తక్కినయి ఉట్టి తెరలు. పాతవి తెచ్చి వరసగ పెట్టిన. క్లాసు నిండుగ కనవడాలె గదా. మధ్యాహ్నం కరెంటు పోతది, ఇన్వర్టర్ లేదు. పోయిన టీచరమ్మ కాన్పుకే పోయింది, గని…” అని ఆగాడు.

“గని?”

“రెండు తెరల మీద అంతమందికి ఎట్ల చెప్పాలె అని రోజు ఏడ్చేది. నాకు ఒప్పుకోబుద్ధి కాలే.”

ఎవరో నవ్వబోయారు. అనుసూయాబాయి అటు తిరిగి చూసేసరికి ఆగిపోయారు. “నవ్వుతందుకు ఏమున్నది? మీ ఇండ్లల్ల అన్నీ నడుస్తున్నయా?” అంది. తర్వాత నా వైపు వంగి గుడ్డ ఎత్తి చూసింది. “విన్నవా పోరీ? రెండే నడుస్తయంట. కరెంటు లేదంట. నీకు నడుస్తదా?”

ఆ క్షణంలో నాకు ఒక వింత విషయం తెలిసింది. అప్పటిదాకా ఆయనంటే నాకు భయం. ఆ వేలాడే వైరును చూశాక ఆ భయం పోయింది.

“కరెంటు లేనప్పుడు నడవని కంప్యూటర్ విప్పి లోపల ఏమేం ఉంటయో చూపియ్యొచ్చు సర్,” అన్నాను, గుడ్డ కిందనుంచే. “ఉట్టి తెర కాదు, పాత డబ్బాలు ఒకటి రెండు తెప్పియ్యండి. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదానికన్న నయం. కరెంటున్నప్పుడు ఆ రెండిటి మీద వంతుల వారీగ కూర్చోబెడ్త. అయితే నేను కూడ ఒకటి చెప్పాలె. మధ్యలో లేచి పిల్లను చూసొస్త. ఊరికెనే చూస్త. అవసరం లేకున్న చూస్త.”

ఆనందం సర్ ఆలోచించాడు. “క్లాసు కింద మా ఇల్లే. మా అమ్మ ఉంటది. పిల్లను అక్కడ ఉంచొచ్చు.”

“మీ అమ్మ లోపమేంది?” అంది అనుసూయాబాయి.

“టీవీ ముంగటినుంచి లేవది.”

“మంచిగైంది. ఎక్కడికి పోతదో అన్న భయం లేదు.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఈసారి గట్టిగా నవ్వారు, ఆనందం సర్ కూడా. స్టేజీ మీద శంకర్రావు ఉదయం నుంచి ఒక్కటీ తేలలేదన్న దిగులుతో ఉన్నాడు. ఇది తేలిందని ఎవరో చెవిలో చెప్పగానే మైకు అందుకుని, “వజీరాబాద్ ఆనందం గారికి, దెగ్లూర్ వారి ప్రతీక్షకు సంబంధం కుదిరిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము!” అని చదివినట్టు చెప్పేశాడు. క్యాసెట్టువాడు సన్నాయి పెంచాడు. సాయంత్రం మార్కండేయ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే, “బజార్ల అందరు అడుగుతున్నరు. పెండ్లెప్పుడు, నన్ను పిలుస్తవా?” అన్నాడు.

ఉద్యోగంలో చేరిన వారానికి అనుసూయాబాయి క్లాసుకు వచ్చింది. సంబంధం కుదిరితే రెండు వైపులా చీర తీసుకోవడం ఆమె పద్ధతి. నా దగ్గర ఒకటి తీసుకుని, మేడ దిగి ఆనందం సర్ దగ్గర ఇంకొకటి వసూలు చేసుకుని, మళ్ళీ పైకి వచ్చి నా పక్కన కూర్చుంది. కరెంటు లేదు. పిల్లలు ఒక పాత డబ్బా విప్పి పెట్టుకుని లోపల దుమ్ము ఊదుతున్నారు. ముక్కూమొహం తెలియని మనిషిని నీ లోపమేమిటని అంత ధైర్యంగా ఎలా అడిగావని అడిగాను.

“ధైర్యమేంది? నా కడుపు కాలింది, అందుకే అడుగుత,” అంది. “మా ఆయన మిల్లుల బట్ట నేసే సాంచాల మీద పనిచేసెటోడు. ఎడమ చెవ్వు వినరాదు. పెండ్లికి ముందు నాకు చెప్పలే. మిల్లు చప్పుడుల ఎవనికి వినవస్తదని వాళ్ళింటోళ్ళ ముచ్చట. నేనా, కొత్త పెండ్లికూతురిని, సిగ్గు. రోజు ఆయన ఎడమ దిక్కే కూసుండి మెల్లగ నా కష్టసుఖం చెప్పుకునేది. ఒక్కనాడు జవాబియ్యలే. పొగరనుకున్న. కోపంతోని మా అమ్మ ఇంటికి పోయిన. పంచాయితీ కూసున్నంక బయటపడ్డది చెవ్వని.” ఆమె నవ్వుదామనుకుంది, మిశ్రీ గొంతులో పడి దగ్గింది. “మంచోడు బిడ్డా. నేను చెప్పిన ముచ్చట్లన్నీ ఆ చెడ్డ చెవ్వుల పోసిన. మల్ల చెప్పుదామంటే అవి యాదికి రాలే.”

కింద నుంచి టీవీ చప్పుడు, దానితోపాటు మయూరి కేరింతలు వినిపించాయి. నేను లేచి చూడబోయి మళ్ళీ కూర్చున్నాను.

ఇప్పుడు మయూరి బడికి వెళుతోంది. చేర్పించిన రోజు హెడ్‌మాస్టరమ్మ పిల్ల తెలివితేటల గురించి అడిగితే, ఇది కోపమొస్తే కరుస్తుందని, మీరు వద్దన్నా నేను ఫోన్ చేస్తానని ముందే చెప్పాను. ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది గానీ, ఫోన్ ఎప్పుడు చేస్తే ఎత్తగలదో కూడా చెప్పింది. క్లాసులో కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా పాఠానికి ముందు, మా దగ్గర ఏవి నడవవో చెబుతాను. ఆ రోజు అనుసూయాబాయి రెండు చీరలూ ఫోటోల సంచిలో కుక్కుకుని లేస్తూ నాకు చెప్పిన మాట పట్టుకునే ఇదంతా చేస్తున్నాను.

“మంచి గుణాలు దాసినా దాగయి, అవ్వే బయటపడ్తయి. లోపం ముందుగాల చెప్పాలె బిడ్డా. తెలిస్తే ఎదుటోళ్ళు ఎటు దిక్కు కూసోవాల్నో అటు కూసుంటరు.”